లాస్ ఏంజెలెస్‌ను కట్టింది పత్రికా, నీళ్లా, భూములా?

మీరు మూడు విషయాలు అడిగారు. లాస్ ఏంజెలెస్ టైమ్స్ నడిపిన ఓటిస్-చాండ్లర్ కుటుంబమే ఆ మహానగరాన్ని కట్టిందంటారు, నిజమేనా? లేక ఊరు పెరిగింది కాబట్టి పత్రికా పెరిగిందా? పత్రిక యజమానికి భూములున్నప్పుడు ఆ పత్రికలో ఊరి వార్తలు ఎంతవరకు నమ్మాలి? తెలుగు దినపత్రికల డెస్కుల్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు పిల్లల దగ్గర శాన్ ఫెర్నాండో లోయలో ఉంటున్నాను. ఈ కుటుంబం కథ జరిగింది చాలావరకు ఈ నేల మీదే కాబట్టి, ఇక్కడికి వచ్చినప్పటి నుంచి దాని గురించి దొరికిందల్లా చదువుతున్నాను. కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మొదటి రెండిటికీ సూటిగా జవాబు. ఊరికి జనాన్ని తెచ్చింది రైలు. నిలబెట్టింది ఎండ, నారింజ తోటలు, చమురు. వీటిలో ఏదీ ఆ కుటుంబం సృష్టించింది కాదు. కానీ ఆ ఊరు ఏ దిక్కుకు పెరగాలి, నీళ్లు ఎక్కణ్ణుంచి రావాలి, కూలి ఎంత ఉండాలి, మేయర్ ఎవరు కావాలి అన్నవి తేల్చడంలో మూడు తరాల పాటు ఆ ఇంటి మాట నడిచింది. ఆ బలమంతా సంపాదకీయాల నుంచి వచ్చిందనుకుంటారు చాలామంది. నేనలా అనుకోను. ఏ వార్త ఎప్పుడు బయటికి రావాలో చెప్పేవాళ్లూ, ఆ వార్తతో ధర పెరిగే భూమి కొనుక్కునేవాళ్లూ ఒకరే కావడం, అసలు బలం అక్కడుంది.

1880లో లాస్ ఏంజెలెస్ జనాభా 11 వేలు. 1881 డిసెంబరు 4న టైమ్స్ మొదలైంది. పెట్టినవాళ్లు నడపలేక చేతులెత్తేస్తే, అచ్చు వేస్తున్న ప్రెస్సువాళ్ల నెత్తిన పడింది. మరుసటి ఏడాది హారిసన్ గ్రే ఓటిస్ ఎడిటర్‌గా వచ్చాడు. ఒహాయోలో పుట్టినవాడు, అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యం తరఫున పోరాడినవాడు. యుద్ధం అయిపోయినా సైనికుడి స్వభావం పోలేదు. తన ఇంటికి సైన్యం బస అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. కార్మిక సంఘాలతో గొడవలు ముదిరిన రోజుల్లో కారు ముందు చిన్న ఫిరంగి బిగించుకుని తిరిగాడు. 1886కల్లా భాగస్వామి వాటా కొనేసి పత్రికను పూర్తిగా తన చేతిలోకి తెచ్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడే శాంటా ఫే రైలు ఊళ్లోకి వచ్చింది. రెండు రైలు కంపెనీలు పోటీ పడి ఛార్జీలు తగ్గించుకుంటూ పోతే, 1887 మార్చిలో ఒకరోజు కాన్సాస్ సిటీ నుంచి లాస్ ఏంజెలెస్‌కు టికెట్ ఒక్క డాలరుకు దిగింది. జనం విరగబడి వచ్చారు. ప్లాట్లు చేతులు మారాయి, కాగితం మీద ఊళ్లు లేచాయి. 1888లో అంతా కుప్పకూలింది. రియల్ ఎస్టేట్ పడిపోయిన ఊళ్లో పత్రిక నడపడమంటే ఏమిటో మన దగ్గర డెస్కుల్లో పనిచేసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, మొదట ఎండిపోయేది ప్రకటనలే. ఓటిస్ మిగతా వ్యాపారులతో కలిసి అదే ఏడాది ఛాంబర్ ఆఫ్ కామర్స్ నిలబెట్టాడు. టైమ్స్ ఏటా శీతాకాలంలో లావుపాటి ప్రత్యేక సంచిక వేసి, మంచులో వణుకుతున్న తూర్పు రాష్ట్రాలకు పంపేది. ఇక్కడ ఎండ కాస్తోంది, చెట్టున నారింజలున్నాయి, భూమి చవగ్గా ఉంది, రండి అని దాని సారాంశం. ఆ తర్వాత చాలా ఊళ్లు ఈ పద్ధతి అనుకరించాయి. 1900కి జనాభా లక్ష దాటింది. 1910కి 3 లక్షల 19 వేలు, 1930కి 12 లక్షల పైమాట.

ఓటిస్‌కు దక్కాల్సిన మంచి పేరు కూడా చెప్పాలి. ఊరికి రేవు ఎక్కడ కట్టాలన్న తగువు 1890ల్లో వచ్చింది. సదరన్ పసిఫిక్ రైలు కంపెనీ అధిపతి కాలిస్ హంటింగ్టన్, ఒడ్డంతా తన గుప్పిట్లో ఉన్న శాంటా మోనికాలోనే కట్టాలని వాషింగ్టన్‌లో పట్టుబట్టాడు. ఓటిస్ శాన్ పెడ్రో వైపు నిలబడి ఏళ్ల తరబడి రాశాడు, రాయించాడు. 1897లో శాన్ పెడ్రోకే ఖాయమైంది. కాలిఫోర్నియా రాజకీయాలను శాసిస్తున్న కంపెనీతో ఒక ఊరి పత్రిక తలపడి గెలవడం మామూలు సంగతి కాదు. ఈ రోజు అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ కంటైనర్లు దిగే రేవుల్లో అదొకటి.

కానీ ఈ కథలో అసలు మెదడు అల్లుడిది. హ్యారీ చాండ్లర్ న్యూ హాంప్‌షైర్ కుర్రాడు. కాలేజీలో తోటివాళ్లు పందెం కడితే చలికాలంలో గంజి తొట్టెలో దూకి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. పొడి గాలి కోసం కాలిఫోర్నియా వచ్చి, తోటల్లో పళ్లు కోస్తూ, అమ్ముతూ నాలుగు డబ్బులు వెనకేశాడు. ఆ డబ్బుతో పత్రికలు ఇళ్లకు వేసే రూట్లు కొన్నాడు. అప్పట్లో రూటు అంటే ఆస్తి, కొనొచ్చు, అమ్మొచ్చు. టైమ్స్‌వే కాదు, పోటీ పత్రికల రూట్లు కూడా ఒక్కొక్కటే కొనుక్కుంటూ పోయాడు. అంటే పొద్దున్నే ఏ గుమ్మంలో ఏ పత్రిక పడాలో తేల్చే కీలకం ఎడిటర్ గదిలో లేదు, ఈ పాతికేళ్లు నిండని కుర్రాడి దగ్గరుంది. ఓటిస్‌కు ఆ సంగతి అర్థమై అతన్ని దగ్గరకు తీశాడు. 1894లో ఓటిస్ కూతురు మారియన్‌ను పెళ్లాడి హ్యారీ ఇంటివాడయ్యాడు. మనకూ ఇలాంటి వారసత్వం తెలియనిది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి తర్వాత ఆంధ్రపత్రికను నడిపింది ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారే. పంపిణీ ఎంత పెద్ద ఆయుధమో కూడా మనం చూశాం. విజయవాడలో అచ్చయిన పత్రికలు బాగా పొద్దెక్కాక చేరే విశాఖలో 1974 ఆగస్టు 10న ఈనాడు మొదలై, తెల్లారేసరికి గుమ్మంలో పడింది. ఆ ఒక్క మార్పుతో తెలుగు పత్రికల లెక్కలే తారుమారయ్యాయి.

ఇక నీళ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఆగాలి.

1905 జులై 29 ఉదయం టైమ్స్ ఒక వార్త పేల్చింది. రెండు వందల మైళ్లకు పైగా దూరంలో, సియెరా నెవాడా కొండల అవతల ఉన్న ఓవెన్స్ నదిని లాస్ ఏంజెలెస్‌కు తెస్తున్నారని. నిజానికి ఊళ్లోని పత్రికలన్నిటికీ విషయం తెలుసు. మాజీ మేయర్ ఫ్రెడ్ ఈటన్ అక్కడి రైతుల దగ్గర భూములు, నీటి హక్కులు కొనే పని పూర్తి చేసేదాకా ఎవరూ రాయకూడదని అధికారులతో మాట అయింది. మిగతావాళ్లు మాట మీద నిలబడ్డారు, టైమ్స్ నిలబడలేదు. వార్తను ముందే వేయడం తప్పని నేను అనను, డెస్కు మీద కూర్చున్నవాడెవడికైనా ఆ ఉబలాటం ఉంటుంది. నన్ను ఆపేది మరొకటి. నీటి కాలువ వచ్చి దిగేది ఊరికి ఉత్తరాన, అప్పటికి ఊళ్లో కలవని ఈ శాన్ ఫెర్నాండో లోయ నెత్తిన. వర్షం మీద ఆధారపడి గోధుమ పండే బీడు అది. ఆ లోయలో 16 వేల ఎకరాల పైచిలుకు కొన్న కంపెనీలో ఓటిస్ వాటాదారు. ఆ కంపెనీలోనే మోజెస్ షెర్మన్ కూడా ఉన్నాడు, ఆయన నగర నీటి బోర్డు సభ్యుడు. టైమ్స్‌కు బద్ధశత్రువైన ఎక్స్‌ప్రెస్ పత్రిక యజమాని ఎడ్విన్ ఎర్ల్ కూడా అందులోనే. రోజూ పేజీల్లో ఒకరినొకరు తిట్టుకునే ఇద్దరు పత్రికాధిపతులు ఒకే భూమి కంపెనీలో పక్కపక్కన కూర్చున్నారు. పాఠకుడికి ఆ ముక్క రెండు పత్రికల్లోనూ కనపడలేదు. చెప్పింది హర్‌స్ట్ గారి ఎగ్జామినర్, ఆ ఆగస్టులో. అదీ పోటీ పత్రిక కాబట్టి, టైమ్స్ మాట తప్పి తనను వెనక పడేసినందుకు ఒళ్లు మండి ఉంది కాబట్టి.

ఇక్కడ రెండు వైపులా చెప్పాలి. టైమ్స్ వాళ్లు మంచినీళ్లు మురుగు కాలువల్లోకి వదిలించి కృత్రిమ కరువు తెచ్చారని ఒక కథ ఉంది, అది రుజువు కాలేదు. ఆ భూమి మీద కొనుగోలు ఒప్పందం నీటి పథకం ఊసు రాకముందు మొదలైందని వాదించే చరిత్రకారులున్నారు. రెండు లక్షల జనం దాటుతున్న ఊరికి ఆ చిన్న లాస్ ఏంజెలెస్ నది చాలదన్నదీ నిజమే. నీటి విభాగం అధిపతి విలియం మల్హోలాండ్ ఈ పథకంతో కోట్లు గడించినవాడు కాడు. కానీ ఈ పథకానికి నగరం అప్పు తెచ్చుకోవడానికి 1905 సెప్టెంబరులో 15 లక్షల డాలర్ల బాండ్లకు, 1907లో 2 కోట్ల 30 లక్షల డాలర్ల బాండ్లకు ఓటెయ్యమని టైమ్స్ ఊరిని రోజూ హోరెత్తించినప్పుడు, తమ యజమానికి ఆ నీళ్లు దిగే చోట భూమి ఉందన్నది పాఠకుడికి చెప్పాల్సిన మాట. చెప్పలేదు. నా దృష్టిలో నేరం అక్కడే ఉంది, భూమి కొనడంలో కాదు.

తర్వాతి అడుగు ఇంకా పెద్దది. 1909లో ఓటిస్, చాండ్లర్, షెర్మన్, మరికొందరు కలిసి లోయ దక్షిణ భాగంలో 47,500 ఎకరాలు 25 లక్షల డాలర్లకు బేరం చేశారు. లెక్క వేసుకోండి, ఎకరం 53 డాలర్లు. 1913 నవంబరు 5న కాలువ తెరిచారు. 233 మైళ్ల పొడవున ఎక్కడా పంపు లేకుండా కేవలం వాలు మీద నీళ్లు వచ్చాయి. ఇంజనీరింగ్‌గా చూస్తే చేతులెత్తి దండం పెట్టాల్సిన పని అది. కానీ నగరం నీళ్లు నగర పరిధి దాటి ఇవ్వకూడదు. అందుకని 1915లో లోయనే నగరంలో కలిపేశారు. ఓటింగులో అనుకూలంగా 681, వ్యతిరేకంగా 25. ఆ ఏడు వందల ఓట్లతో లాస్ ఏంజెలెస్ విస్తీర్ణం రెట్టింపు దాటింది. బండి ఉంటే తప్ప బతకలేని, చదునుగా పరుచుకున్న ఊరని ఈ నగరానికి పేరు రావడానికి పునాది పడింది ఆ రోజున.

ఇక్కడ తిరుగుతుంటే ఆ దస్తావేజు ఇంకా వీధి బోర్డుల మీద చదవొచ్చు. నేను కూరగాయలకు వెళ్లే రోడ్డు షెర్మన్ వే. ఇంకొంచెం దక్షిణాన చాండ్లర్ బులెవార్డ్. ఇప్పుడు రెసిడా అంటున్న పేటకు మొదట పెట్టిన పేరు మారియన్, అంటే ఓటిస్ కూతురు, హ్యారీ భార్య. కనోగా పార్కుకు మొదట ఓవెన్స్‌మౌత్ అని పేరు పెట్టారు. ఓవెన్స్ నది అక్కడికి రెండు వందల మైళ్ల దూరంలో ఉన్నా, ప్లాటు కొనేవాడికి నీళ్లు కళ్ల ముందు మెదలాలిగా.

అటు ఓవెన్స్ లోయలో రైతులు 1924లోనూ 1927లోనూ కాలువను డైనమైట్‌తో పేల్చారు. నీళ్లు ఆగలేదు. ఓవెన్స్ సరస్సు 1920లు ముగిసేలోపే ఎండిపోయింది. ఆ అడుగు నుంచి లేచే ఉప్పు దుమ్మును అణచడానికి లాస్ ఏంజెలెస్ నగరం ఇప్పటికీ డబ్బు పోస్తూనే ఉంది, ఆ లెక్క 200 కోట్ల డాలర్లు దాటింది.

కూలి సంగతి. 1890లో అక్షరాలు కూర్చే కంపోజిటర్లు జీతాల కోతకు ఒప్పుకోకపోతే ఓటిస్ వాళ్లను బయటికి నెట్టి కొత్తవాళ్లను పెట్టుకున్నాడు. అప్పటి నుంచి లాస్ ఏంజెలెస్ సంఘాలు లేని ఊరుగా ఉండాలన్నది టైమ్స్‌కు మతంలా మారింది. 1910 అక్టోబరు 1 రాత్రి ఒంటిగంట దాటి ఏడు నిమిషాలకు, పేజీలు కడుతున్న వేళ, ప్రెస్సు పక్క సందులో పెట్టిన బాంబు పేలింది. సందులో పీపాల నిండా సిరా, గోడల్లో గ్యాసు గొట్టాలు. భవనం నిమిషాల్లో అంటుకుంది, 21 మంది చనిపోయారు. అందరూ పనివాళ్లే, లైనోటైప్ మీద కూర్చున్నవాళ్లు, టెలిగ్రాఫ్ అందుకునేవాళ్లు. ఓటిస్ ఆ రాత్రి ఊళ్లో లేడు. గొడవలు ముదురుతాయని ముందే సిద్ధం చేసుకున్న మరో ప్రెస్సు మీద, ఇంకా పొగ లేస్తుండగానే, ఒక్క షీటుతో పత్రిక వచ్చింది. సంఘాల బాంబులే టైమ్స్‌ను కూల్చాయని పతాక శీర్షిక. రుజువు అప్పటికి లేదు. ఏడాది తర్వాత ఇనుప పనివారి సంఘం నాయకుడు జాన్ మెక్‌నమారా, అతని తమ్ముడు జేమ్స్, క్లారెన్స్ డారో వాళ్ల తరఫున వాదిస్తుండగానే, నేరం ఒప్పుకున్నారు. అది జరిగింది 1911 డిసెంబరు 1న, మేయర్ ఎన్నికకు నాలుగు రోజుల ముందు. గెలుస్తాడనుకున్న సోషలిస్టు అభ్యర్థి జాబ్ హారిమన్ ఓడిపోయాడు. ఆ దెబ్బతో పాతికేళ్ల పాటు ఇక్కడ కార్మికోద్యమం లేవలేదు. తక్కువ కూలి అని చూపించే తర్వాత ఫ్యాక్టరీలను పిలిచారు. ఆ చనిపోయిన పనివాళ్ల గురించి చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. యజమాని యుద్ధానికీ, సంఘం నాయకుల యుద్ధానికీ మధ్య నైట్ షిఫ్టువాళ్లు బలయ్యారు.

1917లో ఓటిస్ పోయాక హ్యారీ 1944 దాకా ఏలాడు. ఏలాడనే అనాలి. మెక్సికోలో సరిహద్దు అవతల 8 లక్షల ఎకరాలకు పైగా, ఉత్తరాన తెహోన్ రాంచ్, లెక్కలేనన్ని కంపెనీల్లో వాటాలు. కొండ మీద హాలీవుడ్ అని కనిపించే ఆ అక్షరాలు 1923లో ఆయన భాగస్వామిగా వేసిన ప్లాట్ల వెంచర్ ప్రకటన. అప్పుడు చివర ల్యాండ్ అని కూడా ఉండేది, 1949లో తీసేశారు. విమానాలు కడతానని డొనాల్డ్ డగ్లస్ అనే కుర్రాడు వస్తే, ఆయన పేర్లు రాసిచ్చి పదిమంది వ్యాపారుల చేత 15 వేల డాలర్లు పూచీ ఇప్పించాడు. ఆ కంపెనీయే తర్వాత డీసీ-3 అనే పేరుమోసిన ప్రయాణికుల విమానం కట్టింది. దక్షిణ కాలిఫోర్నియా విమాన పరిశ్రమలో ఆ 15 వేల పాత్ర చిన్నది కాదు. ఒక్క మనిషి గదిలోంచి ఊరికి ఇంత మంచీ ఇంత చెడూ రెండూ వచ్చాయంటే, ఆ గదికి ఎవరూ లెక్క అడగలేని స్థితి ఉండటమే కారణం.

హ్యారీ కొడుకు నార్మన్ చాండ్లర్ కాలానికి పత్రిక మేయర్లను నేరుగా ఎంపిక చేసే దశకు వచ్చింది. 1949 తర్వాత నగరం 10 వేల ప్రభుత్వ ఇళ్లు కట్టాలనుకుంది. అందులో పెద్ద భాగానికి చావెజ్ రవీన్ అనే కొండ వాలును ఎంచుకుని, ఎక్కువగా మెక్సికన్ అమెరికన్ కుటుంబాలున్న మూడు పేటలను ఖాళీ చేయించడం మొదలుపెట్టింది. కొత్త ఇళ్లలో మీకే మొదటి హక్కు అని వాళ్లకు మాటిచ్చారు. టైమ్స్ ఆ పథకాన్ని సోషలిజం అంటూ ఎదిరించింది. పథకం వైపు నిలబడిన మేయర్ బౌరన్ మీదికి నార్మన్ స్వయంగా కబురుపెట్టి నారిస్ పోల్సన్ అనే కాంగ్రెస్ సభ్యుణ్ణి దించాడు. 1953లో పోల్సన్ గెలిచాడు, ఇళ్లు ఆగిపోయాయి. ఖాళీ అయిన ఆ కొండ చివరికి డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టుకు వెళ్లింది. మిగిలిన కొద్ది కుటుంబాలను 1959 మేలో పోలీసులు మోసుకుంటూ బయటికి తెచ్చారు. స్టేడియం 1962లో తెరిచారు. నార్మన్ భార్య డొరతీ మాత్రం వేరే దారి. పాత డౌన్‌టౌన్ డబ్బున్నవాళ్లను, వాళ్లు దగ్గరకు రానివ్వని పడమటి పేటల యూదు సంపన్నులను ఒక్క చోట కూర్చోబెట్టి దాదాపు 2 కోట్ల డాలర్లు పోగు చేసి మ్యూజిక్ సెంటర్ కట్టించింది. ఊళ్లో ఉన్న రెండు సమాజాలను కలపడం ఆమె చేసిన గట్టి పని.

వాళ్ల కొడుకు ఓటిస్ చాండ్లర్ 1960లో 32 ఏళ్లకు పగ్గాలు పట్టాడు. ఈయన గురించి నాకు గౌరవం ఎక్కువ. మరుసటి ఏడాదే జాన్ బర్చ్ సొసైటీ అనే తీవ్ర మితవాద సంస్థ మీద వరస కథనాలు వేయించి, తన సంతకంతో సంపాదకీయం రాశాడు. ఆ సంస్థలో సొంత బాబాయి కుటుంబమే ఉంది. వేలమంది చందాలు మానేశారు. ఆయన విదేశాల్లో విలేకరులను పెట్టాడు, మంచి జీతాలిచ్చి మంచివాళ్లను తెచ్చాడు. అప్పటిదాకా దేశంలో నాసిరకం పెద్ద పత్రికల జాబితాలో ఉన్న టైమ్స్‌ను పదేళ్లలో పైవరసకు చేర్చాడు. అయినా పాత గుణం ఒకేసారి పోదు. 1965 ఆగస్టులో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే వాట్స్ పేట అల్లర్లలో తగలబడినప్పుడు ఆ న్యూస్‌రూంలో ఒక్క నల్లజాతి విలేకరి కూడా లేడు. ప్రకటనల విభాగంలో కాగితాలు మోసే రాబర్ట్ రిచర్డ్‌సన్ అనే కుర్రాడు వెళ్లి, మంటల మధ్య రోడ్డు పక్క టెలిఫోన్ బూతుల్లోంచి డెస్కుకు వార్తలు చెప్పాడు. ఆ అల్లర్ల కవరేజీకి 1966లో పులిట్జర్ వచ్చింది. ఎనభై ఏళ్లు ఊరిని నడిపిన పత్రిక ఊళ్లో సగం తెలియకుండానే నడిపిందనడానికి ఇంతకంటే సాక్ష్యం నాకు అక్కర్లేదు.

మీ మూడో ప్రశ్నకు నేను చేసే పని చెబుతాను. రింగ్ రోడ్డు, విమానాశ్రయం, కొత్త రాజధాని, మెట్రో, ఏ ఊళ్లో ఏ పథకం మీద పత్రిక ఒక్కసారిగా ప్రేమ కురిపించినా, ఆ మార్గం పటం తీసుకుని దాని చుట్టూ భూములు ఎవరి కంపెనీల పేరున ఉన్నాయో చూస్తాను. ఇవాళ రిజిస్ట్రేషన్, కంపెనీ డైరెక్టర్ల వివరాలు చాలావరకు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. తర్వాత అదే వార్తను పోటీ పత్రికలో చదువుతాను. మెచ్చుకోలు అబద్ధం కానక్కర్లేదు, ఓవెన్స్ నీళ్లు ఊరికి నిజంగానే కావాలి. చూడాల్సింది ఎవరి గొంతు రాలేదన్నది. టైమ్స్ పేజీల్లో ఓవెన్స్ లోయ రైతు, చావెజ్ రవీన్ ఇల్లాలు ఎంత వెతికినా సరిగా కనపడరు. పోటీ పత్రిక లేని ఊళ్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. హర్‌స్ట్ పత్రిక లేకపోతే 1905లో ఆ కంపెనీ పేర్లు బయటికి వచ్చేవి కావు.

ఇప్పుడా కుటుంబం ఏమైందంటే, బంధువుల చేతిలో ఉన్న ట్రస్టుకు ఓటిస్ చాండ్లర్ పత్రిక మీద పెట్టే ఖర్చూ, ఆ పత్రిక అభిప్రాయాలూ నచ్చలేదు. 1980లో ఆయన పబ్లిషర్ పదవి వదిలాక మళ్లీ ఆ కుర్చీలో చాండ్లర్ కూర్చోలేదు. 1999లో బయటి నుంచి వచ్చిన యాజమాన్యం స్టేపుల్స్ సెంటర్ అనే కొత్త క్రీడా ప్రాంగణం మీద ప్రత్యేక మ్యాగజైన్ వేసి, ప్రకటనల లాభం ఆ ప్రాంగణంతోనే పంచుకుంది. రాసిన విలేకరులకు ఆ సంగతి తెలియదు. హ్యారీ హయాంలో రోజువారీ వ్యవహారంగా నడిచిన పని ఇప్పుడు సొంత సిబ్బందినే వీధికెక్కించింది. రిటైరై ఉన్న ఓటిస్ చాండ్లర్ ఫోన్లో ఒక ఉత్తరం చెప్పి రాయిస్తే, న్యూస్‌రూంలో పైకి చదివి వినిపించారు. పాఠకుల నమ్మకాన్ని తాకట్టు పెట్టారని యాజమాన్యాన్ని అందులో దులిపేశాడు. ఏడాది తిరక్కుండానే, 2000లో, బంధువులు కంపెనీని షికాగోకు చెందిన ట్రిబ్యూన్‌కు దాదాపు 800 కోట్ల డాలర్లకు అమ్మేశారు. బేరం ఖాయమయ్యేదాకా ఆయనకు కబురు లేదు. ట్రిబ్యూన్ 2008లో దివాలా తీసింది. 2018లో డాక్టర్ పాట్రిక్ సూన్-షియాంగ్ 50 కోట్ల డాలర్లకు కొని, పత్రికను డౌన్‌టౌన్‌లోని 1935 నాటి భవనం నుంచి విమానాశ్రయం పక్క ఎల్ సెగుండోకు మార్చాడు. 2024 జనవరిలో ఒక్క విడతలోనే 115 మంది జర్నలిస్టులను తీసేశారు. 40 లక్షల మంది ఊరికి నగరపాలక సభల్లో, నీటి బోర్డు సమావేశాల్లో కూర్చుని రాసేవాళ్లు అంతకంతకూ తగ్గిపోతున్నారు. నీటి బోర్డు సమావేశంలో విలేకరి కుర్చీ ఖాళీగా ఉంటే ఏం జరుగుతుందో ఈ లోయలో ఉంటున్నవాడిగా నాకు భయంగానే ఉంది.